ఎవరి పేరూ లేని కుండలు

నిన్న పొద్దున లసుమవ్వ మనవడు రాజేందర్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. లసుమవ్వ మా ఎదురింటి ముసలమ్మ, పోయి చాలా కాలమైంది. ఈ రాజేందర్ తల కూడా నెరిసిపోయింది. వాడలో ఏ పని జరిగినా ముందు నడిచే మనిషి. మూడు సందులు కలిసే చోట, నా కుండలబల్ల ఉన్న జాగాలో, చల్లటి నీళ్ల మిషను పెడుతున్నారట. దాని మీద రాతిపలక వేయిస్తారట. "బర్మవ్వా, మీ అవ్వ పేరు జెప్పు. ఎప్పుడు సచ్చిపోయిందో తారీఖు గూడ జెప్పు. పలక మీద చెక్కియ్యాలె" అన్నాడు. పేరంటే చెప్తాను, తారీఖు ఏం చెప్పను? మా అమ్మ రెండుసార్లు పోయింది. మొదటిసారి ఈ సందు సందంతా ఏడ్చింది, నేను తప్ప. రెండోసారి ఏడవాలని నాకు గుండెల్లో నుంచి తన్నుకొస్తుంటే ఏడవడానికి వీల్లేకపోయింది. "రేపు రా నాయనా, గుర్తు తెచ్చుకుని చెప్తా" అని పంపించేశాను. ముసలిదానికి మతి తప్పింది అనుకుంటూ పోయి ఉంటాడు. అనుకోనీ. నాకు మతి కుదురుగా ఉన్నదెప్పుడు గనక! ఓడ దిగింది మొదలు ఇదేమిటి, అదెందుకు, వీళ్లెవరు అని తికమకపడటంతోనే సగం ఆయుష్షు గడిచిపోయింది.

నేను పుట్టింది రంగూన్‌లో. మా తాత శ్రీకాకుళం పక్క నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లినవాడు. మా నాన్న బియ్యం మిల్లులో మూటలు మోసి మోసి నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ పేరు పైడమ్మ. ఏడుస్తూ కూర్చునే రకం కాదు. రేవు దగ్గర బడ్డీ పెట్టి, చేపల పులుసులో వరిపిండి సేమియా వేసి అమ్మేది. తెల్లారకముందే లేచి చేపలు ఉడకబెడితే ఆ వాసనకే నాకు మెలకువ వచ్చేది. తర్వాత పడవ మీద పనిచేసే ఒక బర్మా మనిషిని మారుమనువు చేసుకుంది. ఆయన మంచివాడు. నాకు ఇద్దరు చిట్టి తమ్ముళ్లు పుట్టారు. మా బడ్డీ పక్కనే చిన్న చెక్కబల్ల మీద రెండు మట్టికుండలు, మూతలు, గొలుసు కట్టిన రేకుగ్లాసు ఉండేవి. అక్కడ వీధి వీధికీ అలాంటి బల్లలుంటాయి. దారిన పోయేవాడు తాగుతాడు, పోతాడు. ఎవరు పెట్టారని అడిగేవాడు లేడు, ఫలానావాళ్లు పెట్టారని చెప్పేవాడూ లేడు. పొద్దున్నే ఆ కుండలు కడిగి నింపడం, మూత పక్కన మన నేరేడుకి చుట్టంలాంటి ఒక చెట్టు రెమ్మ గుచ్చడం నా పని. కడగకుండా నింపానో, అమ్మ గరిటె తిరగేసేది.

అక్కడ మనవాళ్ల పనులు, దుకాణాలు ఒక్కొక్కటే ఊడిపోతున్న రోజులు వచ్చాయి. అందరూ ఓడలెక్కుతున్నారు. మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసే అప్పలరాజుకి నన్నిచ్చి హడావుడిగా పెళ్లి చేశారు. పెళ్లి పసుపు ఆరకముందే ఇద్దరం ఓడెక్కాం. అమ్మ రాలేదు. ఆవిడ మొగుడు, పిల్లలు, బడ్డీ అన్నీ అక్కడే, ఎలా వస్తుంది? రేవులో కుండల బల్ల మీది రేకుగ్లాసు విప్పి నా చేతిలో పెట్టి, "వెళ్లిన చోట వాకిట్లో నీళ్లు పెట్టుకో. నలుగురు ఆగుతారు. నీకూ మనుషులు తెలుస్తారు" అంది. ఓడలో పెద్దవాళ్లంతా "మన దేశం పోతన్నాం, మన దేశం పోతన్నాం" అని ఒకటే సంబరం. నాకేమీ అర్థమయ్యేది కాదు. నా దేశం వెనకాల రేవులో నిలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది కదా, ఇంక వీళ్లు చెప్పే మన దేశం ఏది? మా ఆయన్ని అడిగితే, "ఊరుకోవే, నాకు మాత్రం తెలుసేటి?" అన్నాడు. ఆ రోజుల్లో మా ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

విశాఖపట్నంలో దిగి మా తాత ఊరు వెళ్తే అక్కడివాళ్లు మమ్మల్ని పోల్చుకోలేదు. ఓడలో పరిచయమైన ఒకాయన, వాళ్ల బావమరిది బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఉన్నాడని, బాయిలరు పని తెలిసినవాడికి అక్కడ ఢోకా లేదని చెప్పాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నిజామాబాద్‌లో రైలు దిగాం. తెలుగు దేశానికి వచ్చాం గనక అందరూ మాలాగే మాట్లాడతారనుకున్నాను, నా మొహం! టాంగావాడు ఉర్దూలో అడిగాడు. తక్కెడ పట్టుకున్న కూరగాయలామె మరాఠీలో కసురుకుంది. గది దొరికిన సందులో సామాను దించుకుంటుంటే ఎదురింటి అరుగు మీద నుంచి ఒక ముసలమ్మ, "ఏ పిల్లా, యాడికెల్లి అచ్చిండ్రు? ఏ కులపోల్లు?" అని కేకేసింది. ఆవిడే లసుమవ్వ. మా ఆయన నా చెవిలో, "ఈళ్లు తెలుగోళ్లేనేటే?" అన్నాడు. "తెలుగే అనుకుంటా" అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది.

మాకు గది ఇచ్చినామె పేరు మహబూబీ. ఖాలా అని పిలిచేవాళ్లం, వాళ్ల మాటల్లో పిన్ని అని. భర్త ఇత్తడి గిన్నెలకు కలాయి వేసేవాడట, పోయాడు. పిల్లల్లేరు. ఇంటి వెనక నవ్వారు మంచం, కోళ్లగూడు, ఒక దానిమ్మ చెట్టు. ఆవిడ బొంతలు కుట్టి బతికేది. పొద్దున్నే నమాజు చేసి, కోళ్లకు నూకలు చల్లి, చెంబుడు పాలలో చిటికెడు ఆకు వేసి చాయ్ కాచేది. రంగూన్‌లో మేం తాగిన టీ పసరులా ఉండేది, పాల మాటే లేదు. ఖాలా చాయ్ మొదటిసారి తాగినప్పుడు ఇది పాయసమా అని అడిగాను. "అరె బేటీ, పాయసమైతె సెమ్యా ఉంటది గద!" అని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నేను ఇంట్లో లుంగీ కట్టుకుని తిరిగేదాన్ని, అక్కడ ఆడా మగా అందరూ కట్టేదే. ఖాలా చూసి చూసి ఒకరోజు తన పాత చీర తెచ్చి మీద వేసింది. "గిట్ల తిరిగితె సందుల మొగోల్లు తొవ్వ మరిచి పోతరు" అంది. కోపంగా అనలేదు, అయినా నాకు ఏడుపొచ్చింది.

మా ఆయనకు చెరకు ఆడే కాలమంతా బోధన్‌లో పని. ఫ్యాక్టరీ బాయిలర్లో చెరకు పిప్పి వేసి మండించాలి. రంగూన్ మిల్లులో ఊక వేసేవాడు, ఇక్కడ పిప్పి, మంట మాత్రం ఒకటే అనేవాడు. వారమంతా అక్కడే ఉండి సెలవురోజు రైల్లో వచ్చేవాడు. చొక్కా నిండా చెరకు మడ్డి వాసన, తియ్యగా, పులిసినట్టు, ఎన్నిసార్లు ఉతికినా వదిలేది కాదు. మిగిలిన రోజుల్లో నేనొక్కదాన్నే. సందులో ఆడవాళ్లంతా మధ్యాహ్నం కాగానే ఒళ్లో చాటలు పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, బీడీలు చుడుతూ, ఒకటే మాటలు. నేను గుమ్మంలోకి వస్తే మాటలు ఆగిపోయేవి. లోపలికి వెళ్తే మళ్లీ మొదలయ్యేవి. మా మాటల్లో యాస తేడా సరే, నేను వండుకునే ఎండు చేపల వాసన సరే, అసలు నేనెవరో వాళ్లకు తెలియదు. బర్మా అంటే ఎక్కడో అడవుల్లో మంత్రాలు చేసేవాళ్ల దేశమని ఎవరో చెప్పారట. నాకా సంగతి తర్వాత తెలిసింది.

మా సందు బోధన్ రోడ్డు మీదికి తేలేది. చెరకు బండ్లు వరసగా పోతుండేవి. ఎద్దుల గంటలు, ఇరుసుల కిర్రుమనే చప్పుడు, బండ్లవాళ్ల కేకలు. మధ్యాహ్నం ఎండకు వాళ్లు దిగి మా సందులోకి వచ్చి ఎవరింటి ముందో దోసిలి పట్టేవాళ్లు. కొందరు పోసేవాళ్లు, కొందరు తలుపేసుకునేవాళ్లు. చూడగా చూడగా నాకు అమ్మ మాట గుర్తొచ్చింది. సంతలో రెండు కుండలు కొన్నాను. మూడు సందులు కలిసే చోట అయితే మూడువైపుల వాళ్లూ తాగుతారు కదా అని సరిగ్గా అక్కడే నాలుగు ఇటుకలు పేర్చి, పలక వేసి, కుండలు పెట్టాను. నేరేడు రెమ్మ దొరికితే గుచ్చాను. ఇది పసుపు పండే ఊరు, శుభంగా ఉంటుంది, వీళ్లూ సంతోషిస్తారు అని కుండల మెడలకు పచ్చగా పసుపు పూశాను. రేకుగ్లాసు గొలుసుతో కట్టి, గుమ్మంలో నిలబడి నా తెలివికి నేనే మురిసిపోయాను. ఈ ఊళ్లో మూడు తోవలు కలిసే చోట పసుపు పూసిన కుండ, పచ్చి రెమ్మ పెడితే దాన్ని ఏమంటారో నాకేం తెలుసు? ఏ పిల్లనడిగినా చెప్పేది. నాతో మాట్లాడే పిల్ల ఉంటే కదా.

ఎవరూ తాగలేదు. బండ్లవాళ్లు కూడా కుండల్ని చూసి, ఆగి, గోడను రాసుకుంటూ చుట్టూ తిరిగి పోయేవాళ్లు. చిన్నపిల్లలు పరుగెత్తితే తల్లులు రెక్క పట్టి లాగేవాళ్లు. నేను అనుకున్నాను కదా, నీళ్లు బాగా లేవేమో అని! రోజూ కుండలు ఇంకా బాగా తోమి, ఇంకా పచ్చగా పసుపు పూసేదాన్ని. పూసినకొద్దీ జనం దూరం జరుగుతున్నారు. అంతలో లసుమవ్వ బర్రె పాలివ్వడం మానేసింది. తర్వాత పక్క సందులో ఒక కోడలు ఊరికే పడిపోయి పళ్లు గిట్టకరిచిందట. లసుమవ్వ నా వంక చూసే చూపు మారిపోయింది. నేను ఎదురుపడితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు ఉమ్మేది. "ఏమైంది అవ్వా?" అని నేను నవ్వుతూ అడిగితే, "నవ్వుతుంది సూడు, నవ్వుతుంది" అని లోపలికి పరుగెత్తింది. ఇంతకూ నవ్వకూడదా ఇక్కడ?

ఒకరోజు పొద్దెక్కేసరికి వాకిట్లో మనుషులు. ముందు లసుమవ్వ కొడుకు పోశెట్టి, వెనక ఐదారుగురు మగవాళ్లు, వాళ్ల వెనక సందులో ఆడవాళ్లందరూ. మా ఆయన బోధన్‌లో ఉన్నాడు. పోశెట్టి నాతో మాట్లాడలేదు, ఖాలాతో మాట్లాడాడు. "ఖాలా, గీమె బాణామతి జేస్తుంది. మా బర్రె ఎండిపాయె. గా పిల్ల పడిపాయె. ఇయ్యాల్నే కాలీ జేపియ్యి. లేకుంటె మేమే ఎల్లగొడ్తం, గప్పుడు మమ్ముల అనొద్దు." బాణామతి అంటే చేతబడి అని అప్పటికి నాకు తెలియదు, కానీ వాళ్ల చేతుల్లో కర్రలు తెలిశాయి. "నీళ్లు తాగడానికి పెట్టానండీ" అన్నాను. వెనక నుంచి ఎవరో ఆడమనిషి, "గవి నీల్లు గావు, మందు" అంది. నేను గుమ్మం కమ్మి పట్టుకుని నిలబడ్డాను. రైలు ఎక్కి ఎక్కడికి పోవాలి? ఏ ఊరు పేరు చెప్పి టిక్కెట్టు అడగాలి? అదొక్కటే బుర్రలో తిరుగుతోంది.

ఖాలా బొంత పక్కన పెట్టి, సూది జాగ్రత్తగా గుచ్చి, లేచి వచ్చింది. తొందరేమీ లేదు. "పోశెట్టీ, గా కుండలు ఎవలి పేరు మీద వెట్టిందో అడిగినవా?" అంది. పోశెట్టి కర్ర చేయి మార్చుకున్నాడు. "అడగలె. గీ పోరి తల్లి సచ్చిపోయింది, రంగూన్‌ల. పోయిన నెల్ల. కడసూపు గూడ లేదు. తల్లి పేరు మీద సబీల్ వెట్టుకున్నది, తొవ్వల వోయెటోల్లకు నీల్లు. వాల్ల దేశంల పసుపు వూస్తరు, రెమ్మ వెడ్తరు. తల్లి సచ్చిన పోరి ఏడ్సుకుంట నీల్లు వోస్తుంటె బాణామతి అంటవా? నీ నోట్లె పురుగులు వడ! నీ తల్లి నీ ఎనక్నే నిలవడ్డది గద, గామెను అడుగు, గిట్లనొచ్చునా అని" అంది. నేను ఖాలా మొహం చూశాను. ఆవిడ నా వంక చూడలేదు. అబద్ధం! మా అమ్మ శుభ్రంగా ఉంది, బడ్డీలో గరిటె తిప్పుతూ ఉంది! అరవాలనుకున్నాను. అంతలో లసుమవ్వ ముందుకొచ్చి నన్ను రెండు చేతులతో గుండెలకు హత్తుకుని, "అయ్యో బిడ్డా, నా బిడ్డా, గిసొంటి దుక్కం కడుపుల వెట్టుకొని తిరుగుతున్నవా, ఒక్క మాట జెప్పొద్దా" అని బొబ్బలు పెట్టి ఏడ్చింది. వెంట ఆడవాళ్లంతా. కర్రలు ఎప్పుడు ఎటు పోయాయో!

ఆ రోజు నేను పొయ్యి వెలిగించకూడదన్నారు. లసుమవ్వ వేడన్నం, పప్పు తెచ్చి ముద్దలు చేసి పెట్టింది. ఒకామె తలకు నూనె రాసింది. ఇన్నాళ్లూ నన్ను చూస్తే తలుపేసుకున్నవాళ్లు నా చుట్టూ చాప మీద ఇరుక్కుని కూర్చున్నారు. నాకు ఆకలి వేస్తోంది, తింటున్నాను, తింటుంటే సిగ్గేస్తోంది. బతికున్న తల్లికి దినం కూడు తింటున్నట్టుంది. ఎంతసేపైనా నా కంట్లో చుక్క రాలేదు. వాళ్లకు అదొక గాబరా. "ఏడ్వకుంటె గుండె పలుగుతది, ఏడ్పియ్యుండ్రి" అని లసుమవ్వ నా వీపు మీద చరిచింది. ఎంత చరిచినా నాకు ఏడుపు రాలేదు. సాయంత్రం లసుమవ్వ తానే లేచి కుండ దగ్గరకు వెళ్లి, అమ్మ ఇచ్చిన రేకుగ్లాసు ముంచి, గటగటా తాగి, మూతి తుడుచుకుని, "సల్లగున్నయి బిడ్డా. మీ అవ్వ ఆత్మ సల్లగుండ" అంది.

సెలవురోజు మా ఆయన రైలు దిగి వస్తుంటే సందు మొదట్లోనే పోశెట్టి చేతులు పట్టుకుని, "అత్త సచ్చిపాయెనట గదనే, అయ్యో" అన్నాడట. మా ఆయన మూట అక్కడే వదిలేసి పరుగున వచ్చి, గుమ్మంలో కూలబడి, "అత్తా, ఓలత్తా" అని ఏడుపు! మా అమ్మంటే ఆయనకు ప్రాణం, పెళ్లికి ముందు రోజూ ఆ బడ్డీలోనే తినేవాడు. నేను నోరు నొక్కి చెవిలో, "పోలేదు, పోలేదు, ఖాలా చెప్పిన అబద్ధం" అన్నాను. ఆయన ఏడుపు ఆపి నా వంక వెర్రిగా చూశాడు. "అయితే బతికే ఉందేటి?" అన్నాడు. "ఉంది" అందామని నోరు తెరిచాను. ఓడ దిగిన తర్వాత అటునుంచి ఒక్క కబురు లేదు. "ఏమో" అన్నాను. తర్వాత ఆయన, "ఈ ఊరు మనకొద్దే. ఇశాపట్నం పోదాం" అన్నాడు. బయట ఎవరో బండి ఆపి నీళ్లు తాగుతున్న చప్పుడు, గొలుసు కుండకు తగిలిన చప్పుడు వినిపించింది. అచ్చం రంగూన్‌లో వినిపించినట్టే. నేను వెళ్దామని అనలేదు.

ఖాలాతో మాత్రం పోట్లాడాను. "మా అమ్మని ఎందుకు చంపావు ఖాలా? మీ ఆయన పేరు చెప్పొచ్చుగా" అన్నాను. "మా ఆయన పేరు జెప్తె నీ మీద దయ వుట్టదు బేటీ. తల్లి అంటేనే పుడ్తది" అంది బొంత కుడుతూనే. "ఎవరి పేరూ లేకుండా తాగకూడదా? మా ఊళ్లో ఎవరి పేరూ ఉండదు" అన్నాను. ఆవిడ సూది ఆపి ఆలోచించింది. "ఎవలి పేరు లేని నీల్లంటె ఈడ భయపడ్తరు" అంది. నేను మూడు రోజులు ఆవిడ చాయ్ తాగలేదు. నాలుగో రోజు ఆవిడే గ్లాసు తెచ్చి నా ముందు పెట్టి, దండెం మీద బట్టలు తీస్తున్నట్టు నటిస్తూ నిలబడింది. తాగాను.

అట్లా నేను ఈ సందు మనిషినయ్యాను. లసుమవ్వ పక్కన కూర్చోబెట్టుకుని బీడీ చుట్టడం నేర్పింది. ఆకు ఎంత కత్తిరించాలో, జర్దా ఎంత పొయ్యాలో, దారం ఎట్లా చుట్టాలో అన్నీ. బర్రె మళ్లీ పాలిచ్చింది, అదీ మా అమ్మ పుణ్యమే అంది. ఎండాకాలం వస్తే ఒకరు కొత్త కుండ, ఒకరు వట్టివేరు తెచ్చి ఇచ్చేవాళ్లు. పెత్రమాసకు, పెద్దల అమావాస్యకు, అందరితో పాటు నన్నూ అమ్మ పేరున బియ్యం ఇవ్వమన్నారు. ఇచ్చాను. ఇస్తూ లోలోపల, అమ్మా, ఏమీ అనుకోకు, నువ్వు బాగుండు, అని మొక్కుకునేదాన్ని. ఇద్దరు పిల్లలు పుట్టారు. నా నోట్లో వాళ్ల మాటలు ఎప్పుడు దూరాయో తెలియదు. ఎవరైనా మీ అవ్వ ఎట్లుండేది అని అడిగితే చెప్పేదాన్ని. చెప్పేటప్పుడు ఉండేది, చేసేది, నవ్వేది అనాలి. ఉంది, చేస్తుంది, నవ్వుతుంది అని నోటి దాకా వచ్చేది. మింగేదాన్ని.

కొన్నేళ్లకు, ఆలస్యంగా రంగూన్ వదిలి వచ్చిన ఒకాయన మా ఆయన్ని వెతుక్కుంటూ బోధన్ ఫ్యాక్టరీకి వెళ్లి, అక్కడ అడిగి, మా ఇంటికొచ్చాడు. మధ్యాహ్నం. అరుగు మీద చాటలతో అందరం ఉన్నాం. ఆయన బర్మా మాటల్లోనే మాట్లాడాడు. చాలా రోజుల తర్వాత ఆ మాటలు వినేసరికి ముందు ఒళ్లు పులకరించింది. మీ అమ్మ పోయిందమ్మా, అన్నాడు. వానల్లో జ్వరం వచ్చిందట. ఏ నెలో తెలియదు, నేనప్పుడు ఎగువ బర్మాలో ఉన్నాను, వచ్చి చూస్తే బడ్డీ మూసి ఉంది, మీ తమ్ముళ్లు నాయనతో పడవ మీద వెళ్లిపోయారన్నారు, అన్నాడు. నా చేతులు బీడీ చుడుతూనే ఉన్నాయి. "ఏమంటుండు బిడ్డా, మీ ఊరాయన?" అని లసుమవ్వ అడిగింది. ఎప్పుడో పోయిన అమ్మ ఇప్పుడెట్లా పోతుంది? "అందరు మంచిగున్నరంట అవ్వా" అన్నాను. ఆకు పటుక్కున చిరిగింది. ఇంకో ఆకు తీసుకున్నాను. అదీ చిరిగింది. ఆయనకు నీళ్లిచ్చాను, అన్నం పెట్టాను, సాగనంపాను. ఖాలా తన గుమ్మంలో కూర్చుని నా చాటలో చిరిగిన ఆకుల్నే చూస్తోంది.

ఎండ తగ్గకముందే ఖాలా ఇంట్లోంచి పెద్ద కేక వినిపించింది. "హాయ్ అల్లా, నా జైనబ్! నా అక్కా!" అని ఆవిడ నేల మీద పడి దొర్లుతోంది. సందంతా ఉరికింది. కరాచీలో అక్క పోయిందని ఖబరొచ్చిందట. పోలీసు చర్య తర్వాత మొగుడి వెంట వెళ్లిపోయిన అక్క ఒకామె ఉందని అందరం విన్నదే. "ఎవలు తెచ్చిండ్రు ఖబరు?" అని ఎవరో అడిగారు. ఖాలా ఇంకా గట్టిగా ఏడ్చింది, అడిగినామె నోరు మూసుకుంది. గుంపులో నన్ను చూసి ఖాలా చేతులు చాపింది. నేను వెళ్లి ఒళ్లో తల పెట్టాను. ఆవిడ నా తల గట్టిగా అదుముకుని, నాకొక్కదానికే వినబడేట్టు, "ఇగ ఏడువు బేటీ" అంది. అప్పుడు నాకు అర్థమైంది. అమ్మా అని ఒక్క పెట్టున వచ్చింది ఏడుపు. ఎంతసేపు ఏడ్చానో, ఏమేం అన్నానో తెలియదు. చేపల పులుసు అన్నానట, గరిటె అన్నానట. లసుమవ్వ కళ్లు తుడుచుకుంటూ, "సొంత తల్లి సచ్చినప్పుడు సుక్క రాలె ఈ పిల్లకు. ఖాలా దుక్కం సూడలేక ఎట్ల ఏడుస్తుందో సూడుండ్రి, ఎంత పానమో" అంది.

అందరూ వెళ్లాక ఇద్దరం మొహాలు కడుక్కుని కూర్చున్నాం. "నిజంగా మీ అక్క పోయిందా ఖాలా?" అన్నాను. "నాకేం తెలుస్తది బేటీ? ఆమె పోయిన దినం సంది ఉన్నదో లేదో ఎరుక లేదు. రోజు నమాజుల దువా జేస్తుంటి, బతికున్నోల్లకు చెయ్యాల్నా, సచ్చినోల్లకు చెయ్యాల్నా తెలుస్తలేదు. ఇయ్యాల జెర గట్టిగ ఏడ్సిన, గంతె" అంది. కాసేపు ఆగి, "మీ అమ్మను నేనే సంపితి గద. ఒక్కతె ఎట్ల పోతది? మా అక్కను తోడిచ్చిన" అంది. నలభయ్యో రోజున ఫాతిహా చదివించి, తీపన్నం వండి, మొదటి పళ్లెం నాకే ఇచ్చింది. ఎవరి పేరున చదివించావని నేను అడగలేదు.

ఖాలా పోయి, లసుమవ్వ పోయి, మా ఆయన పోయి ఎన్నేళ్లో. ఆ దానిమ్మ చెట్టు స్థలంలో ఇప్పుడు మూడంతస్తులు. బీడీలు చుట్టే చాటలు లేవు, చెరకు బండ్లు లేవు, గాలిలో మడ్డి వాసన రాదు. ఇప్పుడెవరూ నా వంక చూసి పక్కకు ఉమ్మరు. పక్కింట్లో ఎవరు పోయినా ఫోనులో ఫొటో వస్తే గానీ తెలియదు. ఆ రోజుల్లో కర్రలు పట్టుకుని వచ్చినవాళ్లే సాయంత్రానికి ముద్దలు కలిపి పెట్టారు. ఏది మంచిదో, ఈ వయసులోనూ నాకు తేలలేదు. అమ్మది తిథి లేని చావు. నాకు తెలిసిన రోజు ఒక్కటే, ఖాలా అబద్ధమాడిన రోజు. అదైనా క్యాలెండరు చూసి గుర్తుపెట్టుకున్నది కాదు.

రాజేందర్ ఇవాళ మళ్లీ వచ్చాడు. ఫోను తీసి రాసుకోవడానికి సిద్ధంగా కూర్చున్నాడు. రేకుగ్లాసు నా ఒళ్లో ఉంది. అడుగు చిల్లు పడింది, గొలుసు మటుకు ఉంది.

"రాస్కో. పైడమ్మ" అన్నాను. "గామె పక్కకు, జైనబ్ బీ."

రాజేందర్ తలెత్తాడు. "జైనబ్ బీ ఎవలు అవ్వా? మీకేమైతది?"

"మా అమ్మకు తోడు" అన్నాను.

అతనికేమీ అర్థం కాలేదు. అయినా రాసుకున్నాడు, వాళ్ల నాయనమ్మలాగే మంచివాడు. "మరి తారీఖు?" అన్నాడు.

"రాయకు బిడ్డా" అన్నాను. "కరాచీ నుంచి ఖబరు ఇంక రాలె."